సైకిల్ ఎంత డేంజర్? లవం, హారం, మా అమ్మ

ప్రశ్న చాలా సింపుల్. మా ఇంటి నుంచి కాలేజీకి 7 కిలోమీటర్లు. అందులో 3 కిలోమీటర్లు బందరు రోడ్డు మీదే. రోజూ సైకిల్ మీద వచ్చి వెళ్తే నేను పోయే ఛాన్స్ ఎంత? అదే బండి మీద అయితే ఎంత?

ఇది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. సెకండియర్‌లో బండి కొంటామని ఇంట్లో అన్నారు. నాకు బండి వద్దు, ఒక మంచి సైకిల్ చాలు అన్నాను. "ఆ లారీల మధ్య సైకిలా? నీకేమైనా పిచ్చా?" అంది అమ్మ. నాన్నది వేరే అభ్యంతరం. ఇంజినీరింగ్ చదివే కొడుకు సైకిల్ తొక్కితే నలుగురూ ఏమనుకుంటారని. నలుగురి గురించి నా దగ్గర డేటా లేదు, లారీల గురించి ఉంది. కాబట్టి ఈ వ్యాసం అమ్మ అభ్యంతరం గురించి మాత్రమే.

కేంద్ర రవాణా శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల మీద ఒక రిపోర్ట్ వేస్తుంది. అందులో 2022 లెక్క ఇది: దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో టూవీలర్ల మీద ఉన్నవాళ్లు 74,897. నడిచి వెళ్తున్నవాళ్లు 32,825. సైకిల్ మీద ఉన్నవాళ్లు 4,836.

ఇది ఇంట్లో పైకి చదివాను. "అయితే సైకిల్ పదిహేను రెట్లు సేఫ్" అని చెల్లి వెంటనే తీర్పు ఇచ్చేసింది. అమ్మ మాత్రం తల ఎత్తకుండానే, "సైకిల్ తొక్కేవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారే, చావడానికి?" అంది. ఆ తర్వాత కూరగాయల చీటీ వెనక ఒక గీత గీసి, "పైన లవం చెప్పారు. కింద హారం ఏది?" అని అడిగింది. అమ్మ పదో తరగతి దాకా తెలుగు మీడియం. న్యూమరేటర్‌కి, డినామినేటర్‌కి ఇంత పొట్టి పేర్లు ఉన్నాయని నాకు పంతొమ్మిదో ఏట తెలిసింది.

అమ్మ అడిగిందే అసలు ప్రశ్న. రిస్క్ అంటే భిన్నం. పైన చావులు, కింద దేనితో భాగిస్తున్నామో అది. ఆ రిపోర్టులో పైది ఉంటుంది. ఎంతమంది ఎన్ని కిలోమీటర్లు తొక్కారన్న కిందిది ఉండదు. 2011 జనాభా లెక్కల్లో మాత్రం ఒక చిన్న ఆధారం ఉంది. పనికి ఎలా వెళ్తారని అప్పుడు అడిగారు (పొలం పనుల వాళ్లని కలపలేదు). సైకిల్ మీద అన్నవాళ్లు సుమారు 13 శాతం, టూవీలర్ అన్నవాళ్లు కూడా సుమారు 13 శాతం. అప్పట్లో ఇద్దరూ సమానమే అన్నమాట. ఆ తర్వాత బండ్లు ఎలా పెరిగాయో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగిచూసినా తెలుస్తుంది. కాబట్టి పదిహేను రెట్లు అనే మాట చెల్లదు.

పైన ఉన్న లవం మీద కూడా అనుమానాలు ఉన్నాయి. ఐఐటీ ఢిల్లీలో దశాబ్దాల పాటు రోడ్డు భద్రత మీద పనిచేసిన దినేశ్ మోహన్ (2021లో చనిపోయారు) చెప్తూ వచ్చింది ఏంటంటే, పోలీసు రికార్డుల్లో నడిచేవాళ్ల చావులు, సైకిల్ వాళ్ల చావులు ఉండాల్సినదానికంటే తక్కువగా నమోదవుతాయని. ఎఫ్‌ఐఆర్‌లో గుద్దిన బండి వివరాలు ఉన్నంత బాగా గుద్దించుకున్నవాడి వివరాలు ఉండవు.

హారం కావాలంటే, ఎవరెంత దూరం ఎలా ప్రయాణిస్తారో ఏళ్ల తరబడి సర్వే చేసిన దేశానికి వెళ్లాలి. బ్రిటన్ అలాంటిది. అక్కడికి వెళ్లేముందు ఒక యూనిట్ నేర్చుకుందాం. దాని పేరు మైక్రోమార్ట్. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ రొనాల్డ్ హోవర్డ్ పెట్టిన పేరు. పది లక్షల్లో ఒక్క ఛాన్స్ చావుకి ఉంటే అది 1 మైక్రోమార్ట్. మన భాషలో చెప్పాలంటే, రూపాయి బిళ్ల 20 సార్లు ఎగరేస్తే 20 సార్లూ బొమ్మే పడటం. రెండు పవర్ ఇరవై అంటే 10,48,576 అని మన బ్రాంచ్ వాళ్లకి నిద్రలో అడిగినా తెలుసు కదా.

కేంబ్రిడ్జ్‌లో గణితం చెప్పిన డేవిడ్ స్పీగెల్‌హాల్టర్ బ్రిటన్ డేటాతో ఈ యూనిట్‌ని బాగా ప్రచారం చేశారు. ఆ లెక్కల ప్రకారం 1 మైక్రోమార్ట్ రిస్క్ రావాలంటే మోటార్‌సైకిల్ మీద సుమారు 11 కిలోమీటర్లు వెళ్తే చాలు. నడిస్తే సుమారు 43. సైకిల్ మీద సుమారు 45. కారులో అయితే 530 దాకా వెళ్లాలి.

ఒకసారి ఆగి చూడండి. నడకా సైకిలూ దాదాపు ఒకటే! "నడిచి వెళ్తాను" అంటే ఏ అమ్మా కంగారుపడదు. కారు వీటికంటే పది పన్నెండు రెట్లు సేఫ్, అది ఒప్పుకోవాల్సిందే. మోటార్‌సైకిల్ మాత్రం సైకిల్ కంటే నాలుగు రెట్లు ప్రమాదం.

అయితే హారం మారిస్తే కథ కూడా మారుతుంది. కిలోమీటర్ల బదులు గంటలతో భాగించి చూడండి. గంటకి 5 కిలోమీటర్లు నడిచేవాడికి గంటకి మైక్రోమార్ట్‌లో తొమ్మిదో వంతు రిస్క్. గంటకి 15 తొక్కేవాడికి మూడో వంతు. నడకా సైకిలూ సమానం అన్న మాట ఇక్కడికి వచ్చేసరికి పోయింది. గంటకి 40 వేగంతో బండి నడిపేవాడికి మూడున్నర పైనే. ఏ హారం కరెక్ట్? నాకు కాలేజీకి చేరడమే పని, దూరం ఫిక్స్. కాబట్టి నాకు కిలోమీటర్లే సరైన హారం. సాయంత్రం ఒక గంట సరదాగా తిరిగొద్దాం అనుకునేవాడికి గంటలు సరైన హారం. పేపర్లో "సైకిల్ ఫలానాదానికంటే ఇన్ని రెట్లు డేంజర్" అని చదివినప్పుడల్లా కింద ఏముందో చూడండి, చాలాసార్లు రాయరు.

ఇప్పుడు నా లెక్క. రోజుకి 14 కిలోమీటర్లు, ఏడాదికి 220 వర్కింగ్ డేస్ అనుకుంటే 3,080 కిలోమీటర్లు. బ్రిటన్ రేటుతో సైకిల్ మీద ఏడాదికి సుమారు 68 మైక్రోమార్ట్‌లు, మోటార్‌సైకిల్ మీద 280. ఒకసారి విమానంలోంచి పారాచ్యూట్ కట్టుకుని దూకితే సుమారు 10 అంటారు. అంటే ఏడాదంతా సైకిల్ తొక్కడం ఏడుసార్లు దూకడంతో సమానం, బండి అయితే ఇరవై ఎనిమిది సార్లు. (ఈ పోలిక మాత్రం ఇంట్లో చెప్పలేదు.)

కానీ బందరు రోడ్డు బ్రిటన్‌లో లేదుగా. 2022లో అక్కడ రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,711 మంది. జనాభాతో భాగిస్తే లక్షకి రెండున్నర చొప్పున. మనకి లక్షకి 12. నాలుగున్నర రెట్లు పైనే. పై అంకెల్ని అదే నాలుగున్నరతో గుణిస్తే సైకిల్‌కి ఏడాదికి 306, బండికి 1,260. ఇది మోటు లెక్క, కొలత కాదు. అక్కడి మోటార్‌సైకిళ్లు మన వంద సీసీ బండ్ల కంటే చాలా వేగంగా వెళ్తాయి కాబట్టి ఆ రెండో అంకెని కొంచెం తగ్గించే చూడాలి. తగ్గించినా బండి గెలవదు. పైగా ఆ 74,897 మందిలో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లు. మన పార్కింగ్‌లో హెల్మెట్లు అద్దానికి తగిలించి ఉంటాయి, గేటు దగ్గర మాత్రం తలమీదకి వస్తాయి.

సైకిల్‌కి 306 అంటే సుమారు 3,300 మందిలో ఒకరు. ఇది చిన్న అంకె కాదు. "సైకిల్ సేఫే, ఊరికే భయపడుతున్నారు" అనే మాట నేను అనను. నేను అనేదల్లా, సైకిల్ వద్దని బండి కొనిపెట్టడం మాత్రం లెక్కకి నిలబడదు.

మరి భయం అటెందుకు పోతుంది? దీని మీద గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ సైకాలజిస్ట్ చేసిన స్టడీ ఒకటి ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత చాలామంది అమెరికన్లు విమానం ఎక్కడం మానేసి కార్లలో తిరిగారు. తర్వాతి ఏడాది కాలంలో ఆ కారణంగా అదనంగా 1,500 మంది దాకా రోడ్ల మీద పోయారని ఆయన లెక్క. ఆ నాలుగు విమానాల్లో ఉన్న ప్రయాణికులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కళ్లముందు భయంకరంగా కనిపించేదాన్నుంచి పారిపోయి, అలవాటైన ప్రమాదంలోకి దూకుతాం. మా అమ్మమ్మగారిది దివిసీమ. మన దేశంలో పాముకాటుకి 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఎక్కువగా పోయే రాష్ట్రాల్లో మనదీ ఉంది. అయినా చీకటి పడ్డాక చెరువు గట్టు దాకా టార్చ్ లేకుండా వెళ్లి రమ్మంటారు. పాము అక్కడ అందరికీ తెలిసిన చుట్టం లాంటిది మరి.

ఇప్పటిదాకా ఖర్చు ఖాతా మాత్రమే చూశాం, జమ ఖాతా కూడా ఉంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక లెక్క వేశారు: ఐదు లక్షల మంది దగ్గరి ప్రయాణాలకి కారు మానేసి సైకిల్ ఎక్కితే ఏమవుతుంది? వ్యాయామం వల్ల ఒక్కొక్కరికి సగటున 3 నుంచి 14 నెలల ఆయుష్షు పెరుగుతుంది. పొగ పీల్చినందుకు 0.8 నుంచి 40 రోజులు తగ్గుతుంది. ప్రమాదాల వల్ల 5 నుంచి 9 రోజులు తగ్గుతుంది. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన గ్లాస్గో పరిశోధకులు 2017లో చెప్పింది కూడా ఇలాంటిదే. సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లలో మరణాల రిస్క్ 41 శాతం తక్కువ కనబడింది. (సైకిల్ తొక్కేవాళ్లు మామూలుగానే ఆరోగ్యంగా ఉండేవాళ్లేమో అనే డౌట్ మీకు వచ్చి ఉంటే సంతోషం. స్టాటిస్టిక్స్ సార్ చెప్పింది బుర్రకెక్కిందన్నమాట. వాళ్లు కూడా వయసు, సిగరెట్, తిండి లాంటివి సర్దుబాటు చేసే ఆ అంకె చెప్పారు.)

డచ్ వాళ్ల 5 నుంచి 9 రోజులని మన రోడ్ల కోసం పదితో గుణించండి. 50 నుంచి 90 రోజులు. అంటే మూడు నెలలు. లాభంలో కింది హద్దు కూడా మూడు నెలలే. అంటే మరీ గడ్డు పరిస్థితిలో లాభనష్టాలు సరికి సరి. ఈ మాట అమ్మకి చెప్తే ఇంకో ప్రశ్న వేసింది. "యాభై ఏళ్లకి గుండెజబ్బు రాకపోవడం సరే, ముందు యాభై దాకా ఉండాలిగా?" ఇది చాలా గట్టి పాయింట్. జమ ముప్ఫై ఏళ్ల తర్వాత పడుతుంది, ఖర్చు రేపు ఉదయం ఎనిమిదింటికే పడొచ్చు. అయితే బండికి ఖర్చు ఉంది, జమ అసలు లేదు.

పొగ గురించి ఒక్క మాట. కేంబ్రిడ్జ్ వాళ్లు 2016లో చెప్పిన ప్రకారం ఢిల్లీ గాలిలో కూడా వారానికి ఐదు గంటలు దాటి తొక్కితేగానీ నష్టం లాభాన్ని మించదు. నాది వారానికి ఐదు గంటల చుట్టూనే, బెజవాడ గాలి ఎంత పాడైనా ఢిల్లీ గాలి కాదు.

ఇప్పుడు నాకు ఈ మొత్తంలో ముఖ్యం అనిపించిన విషయానికి వస్తాను. సైకిల్ తనంతట తాను దాదాపు ఎవర్నీ చంపదు. చుట్టూ ఉన్న వేగం చంపుతుంది. గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 30 మీద వచ్చే కారుకంటే 60 మీద వచ్చే అదే కారు నాలుగు రెట్ల శక్తితో గుద్దుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె: సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాలు 4 శాతం పెరుగుతాయి. మన దేశం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చుట్టూ ఉంటాయి. 2022 చావుల్లో 36 శాతం వాటి మీదే.

నెదర్లాండ్స్ పుట్టుకతోనే సైకిల్ స్వర్గం కాదు. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేల మందికి పైగా పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు "పిల్లల హత్య ఆపండి" అనే పేరుతోనే ఉద్యమం చేశారు. వీధుల్లో కార్ల వేగం తగ్గించారు, పెద్ద రోడ్ల పక్కన సైకిళ్లకి వేరే దారి వేశారు. వాళ్లలో హెల్మెట్ పెట్టుకుని తొక్కేవాళ్లు చాలా తక్కువ. (మనం ఆ ధీమాకి పోవద్దు. హెల్మెట్ తలకి తీవ్రమైన గాయాలయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని 2016లో నలభై అధ్యయనాల్ని కలిపి చూసి తేల్చారు.) మనకీ ట్రాక్ ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పుతో, 2023లో మొదలైంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. చాలామంది సైకిల్‌ని కారులో వేసుకుని అక్కడికి వెళ్లి తొక్కి వస్తారు.

వేగమే అసలు సంగతి అని ఒప్పుకుంటే మన డేటా స్ట్రక్చర్స్ క్లాసు పనికొస్తుంది. ఇల్లూ కాలేజీ రెండు నోడ్లు. ఎడ్జ్ వెయిట్‌గా దూరం పెట్టి డైక్‌స్ట్రా రన్ చేస్తే బందరు రోడ్డు వస్తుంది, 7 కిలోమీటర్లు. వెయిట్‌గా పక్కనుంచి వెళ్లే బండ్ల వేగం పెడితే కాలువ గట్టు దారి వస్తుంది. ఎనిమిదిన్నర కిలోమీటర్లు, గతుకులు, రెండు చోట్ల గేదెలు. గేదె వేగం గంటకి 4 కిలోమీటర్లు, దాని వర్గం పదహారు. నేను ఒక పది రోజులు చెల్లి పాత సైకిల్ మీద ఆ దారినే వచ్చాను. పన్నెండు నిమిషాలు ఎక్కువ పట్టింది.

రోడ్డెక్కక తప్పని చోట ఒక్క రూల్ మాత్రం ప్రాణం పోయినా తప్పకూడదు. మలుపు దగ్గర లారీకి, బస్సుకి ఎడమవైపు సందులో దూరకూడదు. లండన్‌లో 2015 నుంచి 2017 మధ్య సైకిల్ వాళ్ల చావుల్లో 63 శాతం పెద్ద లారీలతోనే జరిగాయి, ట్రాఫిక్‌లో లారీలు 4 శాతమే అయినా. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. లారీ ఎడమకి తిరిగేటప్పుడు డ్రైవర్‌కి ఆ మూల కనబడదు. డ్రైవర్ కళ్లు మీ కళ్లకి కనబడకపోతే మీరు అతనికి లేనట్టే.

ఇదంతా నాలాంటివాడి లెక్క. దారి ఎంచుకోగలిగినవాడు, పగలు వెళ్లేవాడు, ఇంట్లో గొడవపడితే బండి వచ్చేవాడు. ఆ 4,836 మంది ఎక్కువమంది ఇలాంటివాళ్లు కారు. మన కాంటీన్‌లో దోసెలు వేసే బాబాయ్ గిన్నెలు కడిగి బయల్దేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆయన ఊరు తొమ్మిది కిలోమీటర్లు, అంతా హైవే. ఆ టైమ్‌కి ఆయన ఊరి బస్సు ఉండదు. "భయం వేయదా బాబాయ్?" అంటే, "లారీ లైటు వెనకనుంచి పడితే మట్టిలోకి దిగిపోతాను బాబూ. వాన పడితే దిగలేను, జారుతుంది" అన్నాడు. ఆయన గ్రాఫ్‌లో ఉన్నది ఒకే ఎడ్జ్. సగటు మైక్రోమార్ట్‌లు చెప్పి ఆయన్ని ఓదార్చలేం, ఎందుకంటే నా కాలువ గట్టు కిలోమీటరూ ఆయన రాత్రి హైవే కిలోమీటరూ కలిపి తీసినదే ఆ సగటు. రోజు మొత్తంలో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్య, దాదాపు ఐదో వంతు. మెస్ వాళ్లూ, సెక్యూరిటీ వాళ్లూ, క్లీనింగ్ అక్కలూ చాలామంది ఇంటికి వెళ్లేది అప్పుడే.

ఒక సాయంత్రం వెనక గేటు పక్కన స్టాఫ్ సైకిల్ స్టాండ్‌లోకి వెళ్లి చూశాను. ఒక్క సైకిల్‌కి కూడా వెనక లైట్ లేదు. కొన్నిటికి రిఫ్లెక్టర్ పగిలి డొప్ప మాత్రం మిగిలింది, బాబాయ్ సైకిల్‌కి అదీ లేదు. హైవేని మనం మార్చలేం కానీ ఇది ఈసీఈ వాళ్లకి ఒక్క పూట పని. ఎర్ర ఎల్‌ఈడీలు, రెండు పెన్సిల్ సెల్స్, ఒక స్విచ్, బ్లింక్ అవ్వాలంటే ఒక సీమాస్ (CMOS) రకం 555 టైమర్. మడ్‌గార్డ్‌కి బిగించడానికి రెండు క్లాంపులు, వానకి తడవకుండా మందుల షాపువాళ్లిచ్చే చిన్న డబ్బా. రిఫ్లెక్టర్ టేప్ ఒక రోల్ నేను తెచ్చాను. శనివారం నాలుగింటికి స్టాండ్ దగ్గరే ఉంటాను. సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లు పట్టుకుని రండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ సెక్యూరిటీ రూమ్‌లో ఇస్తామన్నారు.